ఎనిమిదో తరగతి పాప పరుగు ఆపాలా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా పాప ఎనిమిదో తరగతి, వయసు 13. చదువులో 87 శాతం. ఈసారి స్కూల్ గేమ్స్‌లో 400 మీటర్ల పరుగులో జిల్లాకు రెండో స్థానం వచ్చింది. పీఈటీ సారు పరుగు మానొద్దంటారు. తిరుపతిలో ఉండే మా బావమరిది అక్కడ హాస్టల్ ఉన్న క్రికెట్ అకాడమీలో వేయమంటాడు, ఏడాదికి లక్షన్నర. మా ఇంట్లోవాళ్ళేమో తొమ్మిది నుంచి ఆటలు కట్టిపెట్టి ఫౌండేషన్ బ్యాచ్‌లో చేర్చమంటారు. మూడింటినీ పోల్చి చెప్పండి. అసలు మనలాంటి దేశంలో ఆటలు కూడు పెడతాయా?

జవాబు: మీ చివరి వాక్యమే అసలు ప్రశ్న. ఆటకు పెట్టిన కాలం వృథా అయి, పాప ఇటు చదువుకూ అటు ఆటకూ కాకుండా పోతే నలుగురూ మిమ్మల్నే అంటారన్న భయం అందులో ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలున్న ఇళ్ళన్నిటిలోనూ ఇదే గుబులు. ముందు ధైర్యంగా ఉండండి. రోజుకు గంటన్నర పరిగెత్తినంత మాత్రాన చదువు చెడదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ లెక్కన గంట ఎలాగూ ఆమె ఒంటికి కావలసిందే. మిగిలిన అరగంట కోసమా ఇంత ఆందోళన?

ఇక ‘మనలాంటి దేశం’ సంగతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనకు 6 పతకాలొచ్చాయి. జమైకాకూ 6 వచ్చాయి. ఆ దేశ జనాభా సుమారు 28 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41 లక్షల పైచిలుకు! అదేమీ ధనిక దేశం కాదు. అక్కడున్న బలం బడి పోటీలు. ‘చాంప్స్’ అని వాళ్ళు పిలుచుకునే పాఠశాలల అథ్లెటిక్స్ పోటీలు 1910లో మొదలయ్యాయి. ఊరి బడి పిల్ల పరుగు చూడ్డానికి స్టేడియం నిండిపోతుంది. కెన్యా పారిస్‌లో 11 పతకాలు తెచ్చుకుంది, ఆ పరుగులకు పేరుపడ్డ ఇటెన్ ఒక చిన్న కొండ ఊరు. బీద దేశంలో ఆటలు బతికేది ఇలాగే: దగ్గర్లో ఒక మైదానం, ఏటేటా పోటీ, పదేళ్ళపాటు పిల్లల్ని మధ్యలో మాన్పించని తల్లిదండ్రులు. మన దగ్గర మొదటి రెండూ అంతో ఇంతో ఉన్నాయి. తిరుపతి తారకరామ స్టేడియంలో 2019లో జాతీయ అంతర్‌జిల్లా జూనియర్ అథ్లెటిక్స్ పోటీలే జరిగాయి. తొమ్మిదో తరగతి రాగానే మూడోది తెగిపోతోంది.

ఇక్కడ మిమ్మల్ని కాస్త గట్టిగానే అడగాలి. మార్కులు 87 శాతమని రాశారు, అకాడమీ ఫీజు రాశారు. పాప 400 మీటర్లు ఎన్ని సెకన్లలో పరిగెత్తిందో రాయలేదు. రెండో స్థానం అన్నది ఆ రోజు పక్క లేన్లలో ఎవరున్నారనే దాన్ని బట్టి వస్తుంది. సెకన్లు మాత్రం పాపవి. అవి తెలియకుండా ఆమె జీవితానికి మూడు దారులు గీస్తున్నారంటే, ఆమె ఆటను మీరు ఇంకా చూడలేదన్నమాట.

ఈ ఆదివారం పొద్దున్నే చూడండి. కాలేజీ మైదానంలో సున్నంతో గీసిన ట్రాక్‌ని నమ్మొద్దు, చాలాచోట్ల అది కొలతకు సరిపోదు. టేపుతో కొలవండి, లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్లు బయటికి జరిగి కొలవాలి. ఇద్దరు రెండు ఫోన్లలో స్టాప్‌వాచ్ పట్టుకోండి. పాప ఛాతీ గీత దాటినప్పుడే ఆపాలి, కాలు దాటినప్పుడు కాదు. మొదటి 200 మీటర్ల సమయం, రెండో 200 మీటర్ల సమయం విడిగా రాయండి. కొత్తగా పరిగెత్తే పిల్లలు మొదటి సగం ఉరికేసి, రెండో సగంలో ఆరేడు సెకన్లు పోగొట్టుకుంటారు. అది సాధనతో తగ్గుతుంది. తగ్గకపోగా నెలనెలా పెరుగుతూ, మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే బద్ధకమని తిట్టకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించండి. ఈ వయసు ఆడపిల్లకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి అది ఉంది. రాగి సంగటి, చెనక్కాయలు, గుడ్డు, ఆకుకూర మన ఇళ్ళలో ఉన్నవే. అయితే భోజనంతోపాటు టీ ఇస్తే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంటైనా ఎడం ఉండాలి. రోజూ తారురోడ్డు మీద పరిగెత్తిస్తే మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. మట్టి నేలే మంచిది, వారానికి ఒకరోజు పూర్తిగా సెలవు.

క్రికెట్ గురించి నాకున్న సందేహాలు దాచను. 2025లో మహిళల వన్డే ప్రపంచ కప్పు గెలిచిన మన జట్టులో మన పక్క కడప జిల్లా శ్రీచరణి ఉంది, రాయలసీమ అంతా గర్వపడింది. సంతోషమే. కానీ ఆ గెలుపు చూసి పరిగెత్తే పిల్లల్ని, కబడ్డీ ఆడే పిల్లల్ని తీసుకెళ్ళి బ్యాట్ చేతికిస్తున్నారు. మహిళల ప్రీమియర్ లీగ్ లెక్క చూడండి. 5 జట్లు, జట్టుకు ఎక్కువలో ఎక్కువ 18 మంది, మొత్తం 90. అందులో విదేశీయులు 30 మంది దాకా ఉండొచ్చు. దేశం మొత్తానికి మిగిలేవి సుమారు 60 చోట్లు, అవీ ఏటా ఖాళీ కావు.

లక్షన్నర కట్టే ముందు సాయంత్రం ప్రాక్టీస్ వేళ వెళ్ళి గేటు దగ్గర నిలబడండి. మూడు నెట్లు, నలభై మంది పిల్లలు, రెండు గంటలు అనుకుందాం. 120 నిమిషాలను మూడుతో హెచ్చించి నలభైతో భాగిస్తే ఒక్కొక్కరికి బ్యాటింగ్ 9 నిమిషాలు! మిగతా సేపు బంతులు ఏరడమే. ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు, పిచ్ మీద మ్యాట్ (చాప) పరుస్తారా లేక అది టర్ఫా (గడ్డి నేల), ఆడపిల్లల హాస్టల్లో రాత్రి మహిళా వార్డెన్ ఉంటుందా, గత ఏడాది ఇక్కడి అమ్మాయిలు ఎంతమంది జిల్లా జట్టుకు ఎంపికయ్యారు అని అడగండి. ఆ పేర్లను జిల్లా క్రికెట్ సంఘంలో సరిచూసుకోండి. జవాబు దాటేస్తే మీరూ దాటేయండి. పాపకు క్రికెట్టే ఇష్టమైతే పలమనేరులో ఉంటూనే ఆడి, జిల్లా ఎంపికలకు వెళ్ళొచ్చు. పరుగులో వచ్చిన కాలిబలం అక్కడా పనికొస్తుంది.

ఫౌండేషన్ బ్యాచ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 87 శాతం తెచ్చుకునే పిల్లకు తొమ్మిదో తరగతిలో అది అవసరం లేదు. లెక్కల్లో ఏ పాఠం దగ్గర ఆగిపోతోందో చూసి సాయంత్రం ఒక గంట చెప్పిస్తే చాలు.

కూడు సంగతి ఖచ్చితంగా చెబుతాను. జిల్లా రెండో స్థానం సర్టిఫికెట్‌కి ఉద్యోగాల్లో విలువ లేదు. కేంద్ర ఉద్యోగాల క్రీడా కోటాలో సర్టిఫికెట్ ఏ ఫారంలో ఉందన్నదే లెక్క: ఫారం 1 దేశం తరఫున ఆడినవారికి, 2 రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవారికి, 3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, 4 రాష్ట్ర పాఠశాలల జట్టుతో జాతీయ స్కూల్ గేమ్స్‌కి వెళ్ళినవారికి. కాబట్టి పాప గురి ఫారం 4. అండర్–17, ఆ తర్వాత ఇంటర్‌లో అండర్–19 వరకూ అవకాశం ఉంది. మన రాష్ట్రంలో 2024 క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఇంజనీరింగ్ సీట్లలో 0.5 శాతం ఉంది. ఆ స్థాయికి చేరకపోయినా తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు), స్విమ్స్ వైద్య సంస్థలో ఫిజియోథెరపీ ఉన్నాయి. ఆటాడిన పిల్లకు ఆ చదువులు త్వరగా వంటబడతాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచే హాకీ గోల్‌కీపర్ ఇటిమరపు రజని టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

నా మాట: పలమనేరులోనే చదువు, పీఈటీ సారు దగ్గరే పరుగు, పది పరీక్షల ముందు రెండు నెలలు సాధన సగానికి తగ్గింపు. ఆ సారుతో కలిసి జిల్లా అథ్లెటిక్స్ సంఘాన్ని అండర్–16 ఎంపికలు ఎప్పుడని అడగండి. నేను పైన చెప్పిన అంతర్‌జిల్లా పోటీలకు జిల్లా జట్టే నేరుగా వెళ్తుంది.

ఒక్క జాగ్రత్త. ‘నేషనల్’, ‘ఇంటర్నేషనల్’ అని పేరు పెట్టి డబ్బు తీసుకుని గోవాకో నేపాల్‌కో తీసుకెళ్ళే పోటీలు బోలెడు. కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు లేని సమాఖ్య ఇచ్చిన కాగితం ఏ కోటాలోనూ చెల్లదు. నిజమైన సర్టిఫికెట్లలోనూ ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా ఉంటే పరిశీలనలో పక్కన పెట్టేస్తారు. ఆధార్, బడి రిజిస్టరు, మీట్ ఎంట్రీ ఫారం మూడూ ముందు పెట్టుకుని ఒకసారి సరిచూడండి. తేడా ఉంటే పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేలోపే హెడ్మాస్టర్‌తో దిద్దించండి.