కొమ్ము బొమ్మల ఫొటోలు, పోస్టర్లు: ఫొటో ఎడిటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా ఇంట్లో కొమ్ముతో కొంగలు, చేపలు, దువ్వెనలు చేసి అమ్ముతారు. వాటి ఫొటోలతో తెలుగులోనూ ఒడియాలోనూ పోస్టర్లు తయారుచేయాలని నా కోరిక. అయితే నేను ఫోనులో తీసిన ఫొటోల్లో నల్లని కొమ్ము బూడిదరంగుగా కనిపిస్తున్నది. ఫొటోషాప్ కొనే స్తోమత లేదు. దేనితో మొదలుపెట్టి నేర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఫొటోషాప్ లేనందువల్ల మీకు వచ్చే నష్టమేమీ లేదు. 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న గింప్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేరులో లేయర్లు (ఒకదానిమీద ఒకటి పరిచిన పారదర్శక పొరల వంటివి), మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచే ముసుగులు), కర్వ్‌లు (వెలుగునీడలను సరిచేసే గీతలు) అన్నీ ఉన్నాయి; మీ పనికి అవి చాలు.

కొమ్ము బూడిదరంగుగా రావడం మీ ఫోను లోపం కాదు. కెమెరా తన ఎదుట ఉన్నదానినంతా సగటున ఒక మధ్యస్థమైన వెలుగుకు తీసుకురావాలని చూస్తుంది కాబట్టి, ఫ్రేము నిండా నల్లని వస్తువే ఉన్నప్పుడు దానిని అవసరానికి మించి వెలిగిస్తుంది. అందువల్ల ఫొటో తీసేటప్పుడే తెరమీద బొమ్మను వేలితో తాకి, వెలుతురును కొంత తగ్గించండి. మెరుగుపెట్టిన కొమ్ము ఎదుటి వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది కనుక ఫ్లాష్ వాడవద్దు. కిటికీకి పలుచని తెల్లబట్ట అడ్డం కట్టి, ఆ మెత్తని వెలుతురులో తీయండి. వెలుగు మితిమీరి పూర్తిగా తెల్లబడిపోయిన చోట కొమ్ము చారలు అసలు నమోదే కావు గనుక, వాటిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

గింప్‌లో ముందుగా ఫొటో ఉన్న లేయరుకు నకలు తీసి, ఆ నకలు మీదనే పనిచేయండి. కర్వ్ గీతలో చీకటి భాగాన్ని కొద్దిగా కిందికి లాగితే కొమ్ముకు దాని నలుపు తిరిగి వస్తుంది. వెనుక ఉన్న గోడనో గుడ్డనో చెరిపివేయకుండా, కింది అసలు లేయరు కనిపించకుండా చేసి, నకలు మీద మాస్కుతో దాచండి. మాస్కు మీద నలుపు పూసిన చోట ఫొటో దాగుతుంది, తెలుపు పూస్తే మళ్ళీ కనిపిస్తుంది. మీరు పనిచేస్తున్న ఫైలును, లేయర్లు విడివిడిగా నిలిచే గింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌లో భద్రపరచుకోండి. ఫొటోలకు మామూలుగా వాడే జేపెగ్ ఫైలును తెరిచి, మార్చి, మళ్ళీ జేపెగ్‌గానే దాచిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. కొమ్ముకు లేని రంగును, లేని మెరుపును ఫొటోలో చేర్చకండి. పోస్టరు చూసి డబ్బు పంపిన మనిషి చేతికి వేరే రంగు కొంగ అందితే, దెబ్బతినేది మీ ఇంటివారి పనితనం మీద ఉన్న నమ్మకమే. పరిమాణం తెలిసేలా బొమ్మను అరచేతిలో ఉంచి ఒక ఫొటో తీయడం ఏ ఫిల్టరుకన్నా ఎక్కువ ఉపయోగం.

ఇక అక్షరాలు. మీ ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా పనిచేసి, వ్యావహారిక తెలుగు కోసమూ సవర భాష కోసమూ పాటుపడి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఊరు విడిచి వెళ్ళిన గిడుగు రామమూర్తిగారి పేరిట ‘గిడుగు’ అనే యూనికోడ్ ఫాంటు ఉచితంగా దొరుకుతున్నది. పెద్ద శీర్షికలకు అది బాగుంటుంది. వివరాలకు రెండు లిపులలోనూ ఉన్న నోటో ఫాంట్లు తీసుకోండి. ఒకే సైజు సంఖ్య ఇచ్చినా తెలుగు, ఒడియా అక్షరాలు కంటికి సమానంగా కనిపించకపోవచ్చు. పక్కపక్కన పెట్టి చూసి సరిచేయండి. ఒడియా పాఠాన్ని ఆ భాష బాగా వచ్చినవారిచేత చదివించిన తరువాతే అచ్చుకు ఇవ్వండి.

ఏ4 కాగితం మీద అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 2480 × 3508 పిక్సెళ్ళు కావాలి. దూరంనుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 100 పిక్సెళ్ళు సరిపోతాయి. తెరమీది రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలి వెలుగులతో ఏర్పడతాయి, అచ్చులో నాలుగు సిరాలతో ఏర్పడతాయి. కాబట్టి మిరుమిట్లుగొలిపే నీలం, ఆకుపచ్చ కాగితం మీద కాస్త మందగిస్తాయి. మొత్తం అచ్చు వేయించేముందు చిన్న నమూనా తీయించి చూసుకోండి. ఫ్లెక్సీ దుకాణంలో మీ ఫాంటు లేకపోతే అక్షరాలు చెదిరిపోవచ్చు. అందుకని ఎక్స్‌సీఎఫ్ ఫైలు ఇవ్వకుండా, లేయర్లన్నీ ఒకటిగా కలిపిన టిఫ్ ఫైలునే ఇవ్వండి.