ఎనిమిది మంది పిల్లలు, ఊరూరా కచేరీలు

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. పెళ్లయితే కచేరీలు అటకెక్కుతాయంటారు మా అత్తగారు. పూర్వం పిల్లల తల్లులెవరైనా వేదికలెక్కారా?
– ఒక తల్లి, కంటోన్మెంట్

జవాబు: ఎక్కారమ్మా! జర్మనీ పియానిస్టు క్లారా షూమన్ సంగతి ఆవిడకి చెప్పండి. 1819లో లైప్‌జిగ్‌లో పుట్టింది. తొమ్మిదేళ్లకే వేదికెక్కింది. గురువు కన్నతండ్రే, పెళ్లికి అడ్డుపడిందీ ఆయనే. కోర్టుకెక్కి మరీ 1840లో రాబర్ట్ షూమన్‌ను చేసుకుంది. ఆయన స్వరకర్త. ఆయన రాసుకునేటప్పుడు ఈవిడ పియానో ముట్టకూడదు! నాకు ఒళ్లు మండేది అక్కడే. ఎనిమిది కాన్పులు. 1854లో ఆయన మతి చలించి ఆసుపత్రి పాలైతే, ఇల్లు నడిపినవి ఈవిడ కచేరీలే. స్వరాలు రాసిన కాగితం ఎదుట లేకుండా జ్ఞాపకం మీదే వాయిస్తే, పొగరన్నవాళ్లూ ఉన్నారు. 1891 దాకా కచేరీలు మానలేదు. అమ్మాయి సాధన చేసుకునే వేళ మీరు మాత్రం వంటింటి పని పురమాయించకండి.