బ్యాండ్ తీసేసి స్లీవ్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కర్నూలు, నాకు 44 ఏళ్లు. బరువు తగ్గడానికి పొట్ట పైభాగం చుట్టూ బిగించే బ్యాండ్ వేయించుకుని చాలా ఏళ్లయింది, మొదట్లో బాగా తగ్గినా ఇప్పుడు రెండు ముద్దల సంగటి తిన్నా వాంతి అయితాంది, రాత్రిళ్లు పులుపు గొంతులోకి తంతాంది, ఐస్‌క్రీమ్ మాత్రం ఇట్టే దిగుతుంది కాబట్టి బరువూ మళ్లీ పెరిగింది. బ్యాండ్ తీసేసి, పొట్టని కోసి చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకోమంటాంది మా చెల్లెలు.

జవాబు: స్లీవ్ సంగతి తర్వాతమ్మా, ముందు ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే చేయించండి, బ్యాండ్ జారిందా, పొట్ట గోడలోకి కోసుకుపోయిందా తెలియాలి. ఈలోగా చర్మం కింద బ్యాండ్‌కి కలిపి పెట్టిన చిన్న బిళ్లలోంచి (పోర్ట్) నీళ్లు తీసి బ్యాండ్ వదులు చేస్తే వాంతులు చాలామందికి తగ్గుతాయి. మంచినీళ్లు కూడా నిలవకపోయినా, కడుపునొప్పి బాగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోండి.

ఊరికే తీసేస్తే బరువు ఎక్కువమందికి తిరిగొస్తుంది, నిజమే. కానీ స్లీవ్‌లో పొట్ట ముప్పాతిక దాకా కోసేస్తారు, దాన్ని మళ్లీ పెట్టలేరు, పైగా పులుపు ఎగదన్నేవాళ్లకి ఇంకా ఎక్కువవ్వచ్చు, మీ చెల్లెలికి ఇది ఎవరూ చెప్పినట్టు లేదు. మీలాంటివాళ్లకి మామూలుగా గ్యాస్ట్రిక్ బైపాసే (గుండెది కాదు, పొట్టని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలిపే సర్జరీ) నయం, కాకపోతే బి12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. బ్యాండ్ గోడలోకి పోయుంటే తీయడం, బైపాస్ రెండూ ఒకేసారి చేయకుండా, ముందు బ్యాండ్ తీసి, మానడానికి కొన్ని నెలలు ఆగుతారు. రెండో సర్జరీకి రిస్క్ ఎక్కువ, ఇలాంటివి ఎన్ని చేశారో సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి.