వీసా కోసం చూపించిన రెండు లక్షలు ఇప్పుడెక్కడ?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికి 95 వేలు వస్తుంది. 2024 ఆగస్టులో నేనూ నా భార్యా జర్మనీలోని మ్యూనిక్‌లో బ్రిటిష్ గాయని అడెల్ ఓపెన్ ఎయిర్ కాన్సర్ట్‌కి వెళ్లాం. 4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నాను (14 శాతం, మూడేళ్లు), మిగతాది క్రెడిట్ కార్డు మీద పెట్టాను. నిరుడు ఉద్యోగం పోయి రెండున్నర నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పుడు ఇంటి ఖర్చులన్నీ కార్డు మీదే నడిచాయి. ఇప్పుడు కార్డు బకాయి 1.18 లక్షలు, నెలనెలా మినిమం డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతున్నాను. 1.6 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ అది ఇంటి డౌన్‌పేమెంట్ కోసం, ముట్టుకోలేదు. బ్యాంకు ఉన్న లోన్ మీదే ఇంకో 3 లక్షల అప్పు (టాప్-అప్) ఇస్తానంటోంది. దాంతో కార్డు మూసేసి, మిగిలింది వచ్చే వేసవిలో యూరప్‌లో ఇంకో కాన్సర్ట్‌కి ఉంచుకోవచ్చా?

జవాబు: వద్దండీ. మీ ఒక్కరి సంగతే అయితే ఈ ఒక్క మాటతో వదిలేసేవాణ్ణి. కానీ ఇదే కథ ఊరు మారి, గాయకుడు మారి నా దగ్గరికి పదేపదే వస్తోంది.

కాన్సర్ట్‌కి వెళ్లారని మిమ్మల్ని తప్పుపట్టను. 2016 తర్వాత అడెల్ బ్రిటన్ బయట యూరప్‌లో పాడటం అదే మొదటిసారి. ఆగస్టంతా ఒక్క ఊళ్లోనే పది రాత్రులు, అందుకోసమే ప్రత్యేకంగా కట్టిన ఆరుబయటి వేదిక, వెనక 220 మీటర్ల తెర. అభిమానికి కాలు ఆగదు, అర్థం చేసుకోగలను. అయితే మీరు పంపిన ఖర్చుల చిట్టా చూశాను. మొత్తం 5.2 లక్షల్లో రెండు టికెట్లకూ కలిపి 36 వేలే. మిగతాదంతా విమానాలు, హోటళ్లు, సాల్జ్‌బర్గ్, వియన్నా. పాట రెండు గంటలు, ఊరేగింపు పది రోజులు.

నన్ను ఆపింది మీ మెయిల్ చివర్లో సరదాగా రాసిన ఓ ముక్క. వీసా ఫైల్లో చూపించడానికి బావమరిది దగ్గర 2 లక్షలు తెచ్చి ఖాతాలో వేసుకున్నారు, వీసా చేతికొచ్చిన వారంలోనే తిరిగి పంపేశారు. ఇలా అరువు బ్యాలెన్స్ చూపించడం తప్పని వేరే చెప్పక్కర్లేదు. షెంజెన్ వీసాకి (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి చెల్లే వీసా) కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా కావాలి, అప్పటి రేటులో 27 లక్షల పైమాటే. అదీ కొన్నారు. పది రోజులు ఉండి వెళ్లే మనిషిని కూడా ఆ దేశం ‘నీకేమైనా అయితే డబ్బుందా?’ అని అడుగుతుంది. తిరిగొచ్చాక ఇక్కడ ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు. ఉద్యోగం పోయిన రోజు మీ సేవింగ్స్ ఖాతాలో ఉన్నది 11 వేలు.

నేను ఎవరికైనా మొదట చెప్పేది అత్యవసర నిధి గురించే. విసుగొచ్చినా మళ్లీ చెబుతాను. మీ ఇంట్లో జీతం ఒక్కటే కాబట్టి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. ఖర్చంటే అద్దె, సరుకులు మాత్రమే అనుకుంటారు చాలామంది. జీతం ఆగినా ఈఎంఐ ఆగదు, అదీ కలపాలి. మీరు రాసిన నెల ఖర్చు ఈఎంఐతో సహా 72 వేలు. ఆరు నెలలకి 4.3 లక్షలు. మ్యూనిక్ కోసం ఇంచుమించు అంతే అప్పు తెచ్చారు.

ఇక టాప్-అప్. ‘ప్రీ-అప్రూవ్డ్’ అని ఫోన్లో మెసేజ్ రాగానే మనవాళ్లు లాటరీ తగిలినట్టు సంబరపడతారు. పాత లోన్‌లో మీకింకా 14 వాయిదాలున్నాయి, అసలు సుమారు 1.76 లక్షలు. దాని మీద 3 లక్షలు వేస్తే 4.76 లక్షలు. దాదాపు రెండేళ్లు కట్టి, మొదటి రోజుకన్నా పెద్ద అప్పులో నిలబడతారన్నమాట. పైగా మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు. నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఎఫ్‌డీని రేపే బద్దలు కొట్టండి. మీ కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం. మీరు కట్టే 5,900లో 4,900 దాకా వడ్డీకీ దాని మీద జీఎస్టీకే పోతోంది, అసలు కరిగేది వెయ్యి. పక్కన 7 శాతానికి ఎఫ్‌డీ భద్రంగా కూర్చుంది, ‘ఇల్లు’ అని పేరు పెట్టారు గనక! ముందే తీస్తే పెనాల్టీ ఒక శాతం పోతే పోనివ్వండి. కార్డు మొత్తం కట్టేసి, లిమిట్ తగ్గించమని బ్యాంకుకి రాయండి. మిగిలే 42 వేలు మీ అత్యవసర నిధికి విత్తనం.

దానికి నెలకి 15 వేలు చేర్చండి. 14 నెలల్లో 2.5 లక్షలు దాటుతుంది. అప్పటికి లోన్ తీరుతుంది, నెల ఖర్చు 58 వేలకు దిగుతుంది, కావాల్సిన నిధి కూడా 3.5 లక్షలకు తగ్గుతుంది. ఆ ఈఎంఐ డబ్బునూ ఇటే మళ్లిస్తే ఇంకో నాలుగు నెలల్లో పూర్తవుతుంది. యూరప్ ప్రయాణం ఆ తర్వాతే. పాటే ముఖ్యమైతే 2025 ఫిబ్రవరి 2న బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ మన రామోజీ ఫిల్మ్ సిటీలోనే ఆరుబయట పాడాడు. దానికి వీసా, బావమరిది ఇద్దరూ అక్కర్లేదు.

కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఇంటిల్లిపాదికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకోండి. గోల్డ్ లోన్ ఆలోచన కూడా రాశారు, మీ ఆవిడ నగలు ఈ లెక్కలోకి తేవద్దు. ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) మాత్రం అత్యవసర నిధి పూర్తయ్యాక మొదలుపెట్టొచ్చు.

నిధికి వేరే బ్యాంకులో ఖాతా తెరవండి. జీతం పడిన మర్నాడే 15 వేలు దానంతటదే అక్కడికి వెళ్లేలా పెట్టండి. ఆ ఖాతాకి డెబిట్ కార్డు తీసుకోకండి, యూపీఐ తగిలించకండి.