కంప్యూటర్ శత్రువు ఏం చూస్తుందో తెలుసుకుని ఆడు

చిరంజీవి చిన్నికి బాబాయి ఆశీస్సులు.

బాటిల్ ఫర్ వెస్నాత్ అనే కంప్యూటర్ యుద్ధపు ఆటలో ఓర్క్‌ల (కథల్లోని రాక్షసజాతి సైనికుల) దండు నిన్ను మళ్ళీ మళ్ళీ ఓడిస్తోందనీ, కంప్యూటర్ మోసం చేస్తోందనీ, ఆట తెరిస్తేనే టెన్షన్ వస్తోందనీ రాశావు. ముందు ఆ మోసం సంగతి తేల్చుకుందాం. మనసులో ఆ అనుమానం ఉన్నంతకాలం నేనేం చెప్పినా నీకు ఎక్కదు.

బాటిల్ ఫర్ వెస్నాత్‌ను 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఎందరో వాలంటీర్లు దాన్ని పెంచుతూ వస్తున్నారు. దాని కోడ్ మొత్తం బయటే ఉంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు. కంప్యూటర్‌కి నీకంటే మంచి పాచికలేమీ అందులో లేవు. నీ ఈటెగాడికి 60 శాతం ఛాన్స్‌తో మూడు దెబ్బలు ఉన్నాయనుకో. మూడూ తప్పిపోయే అవకాశం నూటికి ఆరుకు కొంచెం పైనే. ఒక్క లెవెల్లో ఎన్ని పోట్లు జరుగుతాయో చూడు, అలాంటిది ఒకటి రెండుసార్లు జరగకపోతేనే వింత. ఆట మెనూలో స్టాటిస్టిక్స్ అని ఉంటుంది. సగటున ఎంత నష్టం జరగాల్సింది, నిజంగా ఎంత జరిగింది అని రెండూ పక్కపక్కన చూపిస్తుంది. ఓడిన ప్రతిసారీ అది తెరిచి చూడు. చాలాసార్లు ఆ రెండు అంకెలూ దగ్గరదగ్గరగానే ఉంటాయి.

నీకు అన్యాయం అనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు అంతకుముందు ఫైర్ ఎంబ్లమ్ అనే ఇలాంటి ఆట బాగా ఆడావు కదా. 2002 నుంచి ఆ సిరీస్‌లో చాలా ఆటలు ఒక్క దెబ్బకి రెండు యాదృచ్ఛిక సంఖ్యలు తీసి వాటి సగటుతో తేల్చాయి. అందువల్ల దెబ్బ తగిలే అవకాశం తెర మీద 75 శాతం అని కనిపించేది నిజానికి దాదాపు 88. వెస్నాత్‌లో 75 అంటే 75 మాత్రమే. నీ కళ్ళు ఆ మెత్తని లెక్కకి అలవాటు పడ్డాయి, అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ శత్రువు ఎలా ఆలోచిస్తుందో తెలుసుకో. చదరంగం ప్రోగ్రాంలా పది ఎత్తులు ముందుకి చూస్తుందని నువ్వు భయపడుతున్నట్టున్నావు. 1997లో చదరంగం ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ అనే కంప్యూటర్ సెకనుకి సుమారు ఇరవై కోట్ల స్థితులు పరిశీలించేది. చదరంగంలో అది కుదురుతుంది, ఒక వంతుకి ఒకే పావు కదులుతుంది కాబట్టి. వెస్నాత్‌లో ఒక్క టర్న్‌లో, అంటే ఒక వంతులో, అందరూ కదలొచ్చు. పది మంది సైనికులు, ఒక్కొక్కరు వెళ్ళగలిగే గడులు ఇరవై అనుకున్నా, అమరికలు పది లక్షల కోట్లు దాటుతాయి. దాని పైన పాచికల లెక్క వేరే. మామూలు ల్యాప్‌టాప్‌లో అదంతా వెతకడం కుదిరే పని కాదు, అందుకే ఏఐని, అంటే కంప్యూటర్ తరఫున ఆడే ప్రోగ్రాంని, వేరే దారిలో రాశారు.

ఆ దారి ఇది. చేయదగ్గ పనులకు ఒక వరుస ఉంటుంది, ఒక్కో పనికి ఒక విలువ ఉంటుంది. బంగారం ఉంటే ముందు సైనికుల్ని తీసుకుంటుంది. నాయకుణ్ణి కోటలోని కీప్‌కి, అంటే సైనికుల్ని తీసుకోవడానికి అతను నిలబడాల్సిన గడికి, చేరుస్తుంది. తర్వాత దాడి. దాడి పనికి విలువ 1,00,000, ఊళ్ళు పట్టుకోవడానికి 60,000, ఊరికే శత్రువు వైపు నడవడానికి 20,000. ఎక్కువ విలువున్న పని చేస్తుంది, మళ్ళీ మొదటినుంచి లెక్క వేస్తుంది, ఇక చేయడానికేమీ మిగలనప్పుడు టర్న్ ముగిస్తుంది. కిందటి టర్న్‌లో అనుకున్న పథకం అంటూ దానికి ఏదీ ఉండదు. వచ్చే టర్న్‌లో నువ్వేం చేస్తావన్న ఊహ కూడా దాదాపు ఉండదు. ఇప్పుడు, ఈ మ్యాప్ మీద, చేతికి అందేది ఏది? అది చూసేది ఇంతే. నీ బలమంతా అది చూడని వచ్చే టర్న్‌లో ఉంది.

దాడి చేయాలా వద్దా అని తూచేటప్పుడు అది వాడే అంకె ఒకటుంది, దూకుడు. మామూలుగా అది 0.4 ఉంటుంది. నీకు జరిగే నష్టాన్ని పూర్తిగా లెక్కేస్తుంది, తనకి జరిగే నష్టాన్ని మాత్రం నూటికి అరవై పాళ్ళే లెక్కేస్తుంది. లెవెల్ రాసినవాళ్ళు ఈ అంకెని మార్చుకోవచ్చు, కొన్ని లెవెళ్ళలో ఓర్క్‌లు మరీ తెగించి వస్తున్నారంటే కారణం అదే అయ్యుంటుంది. ఏదేమైనా నువ్వు పట్టుకోవాల్సింది ఇది: తన మనిషి పోయినా ఫర్వాలేదనే వైపు దాని తరాజు కొంచెం వాలి ఉంటుంది. మంచి వేట కనిపిస్తే చెడ్డ చోటికైనా దిగుతుంది.

చిన్నప్పుడు తాతయ్యతో అరుగు మీద పులి-మేక ఆడేదానివి గుర్తుందా? దొరికిన మేకనల్లా తినే పులి మూలకు చేరి ఇరుక్కుపోయేది. ఈ ఏఐ అలాంటి పులే. ఏ మేకని ఎక్కడ నిలబెట్టాలన్నది నీ చేతిలో ఉంది.

నువ్వు పంపిన మ్యాప్ బొమ్మలో మధ్యన నది ఉంది, నీ సైనికులైన ఎల్ఫ్‌లు నది దాటి వెళ్ళి మైదానంలో పోరాడుతున్నారు. దాటకు. నీ ఒడ్డునే ఆగు. లోతు లేని నీళ్ళలో నిలబడ్డ ఓర్క్‌కి దెబ్బ తగిలే అవకాశం 80 శాతం, అదే మైదానంలో 60. ఓర్క్‌ల మామూలు సైనికుడైన గ్రంట్‌కి 38 హిట్ పాయింట్లు (ప్రాణబలం), చేతిలో కత్తే, దూరం నుంచి కొట్టే ఆయుధం లేదు. నీ ఆర్చర్ (విలుకాడు) వింటికి ఒక్కోటి 5 పాయింట్ల నష్టం చేసే నాలుగు బాణాలు. నీళ్ళలో ఉన్న గ్రంట్ మీద సగటున 16 పడతాయి, మైదానంలో అయితే 12. ఇద్దరు ఆర్చర్లు కొట్టాక మిగిలేది ఆరేడు పాయింట్లు, దాన్ని కత్తి పట్టిన ఒక ఫైటర్ ముగిస్తాడు. అప్పటిదాకా నీ ఆర్చర్ల మీద ఒక్క ఎదురుదెబ్బ కూడా పడదు.

మరి ఓర్క్‌లు నీళ్ళలోకి ఎందుకు దిగుతారు? నువ్వు దింపాలి. ఒడ్డున వరుసగా, సందు లేకుండా నిలబెట్టు. ఒక్కో గడికి ఆరు వైపులు కాబట్టి, తిన్నగా ఉన్న వరుసలో ఒక్కొక్కరి ముందు రెండు గడులే ఉంటాయి, అంటే ఒకరి మీద ఇద్దరి కంటే ఎక్కువ పడలేరు. వరుసకి నడిమధ్య కొంచెం గాయపడిన ఫైటర్‌ని ఉంచు, మరీ చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి మాత్రం వద్దు. చంపగలిగే అవకాశం కనిపిస్తే ఏఐ దానికి చాలా విలువ ఇస్తుంది, అక్కడికే వస్తుంది. వెనకాల షామన్‌ని పెట్టు, పక్కనున్నవాళ్ళకి టర్న్‌కి 4 చొప్పున నయం చేస్తుంది. బాగా దెబ్బతిన్నవాణ్ణి మాత్రం ఊళ్ళోకి పంపెయ్, అక్కడ 8 నయమవుతాయి.

మనుషులు చాలక వరుసలో ఖాళీలు వస్తే, ఇద్దరి మధ్య రెండు గడుల వరకూ ఫర్వాలేదు. ప్రతి సైనికుడి చుట్టూ ఉన్న ఆరు గడుల్లోకి అడుగుపెట్టిన శత్రువు అక్కడ ఆగిపోవాల్సిందే, ఆ టర్న్‌లో దూరి వెళ్ళిపోలేడు. అన్నిటికంటే కింది స్థాయి, అంటే స్థాయి సున్నా, సైనికులకి ఈ శక్తి లేదు, వాళ్ళని నమ్ముకుని సందు వదలకు.

పగలూ రాత్రీ సంగతి నువ్వు పట్టించుకోవడం లేదని నీ ఉత్తరం చూస్తే అర్థమైంది. ఆరు టర్న్‌లకి ఒక రోజు. గ్రంట్ ఒక్క దెబ్బ మామూలుగా 9, రాత్రి 11, పగలు 7. ఎల్ఫ్‌లకి ఏ పూటైనా ఒకటే. పొద్దు పొడుస్తోంది కదా, మళ్ళీ చీకటి పడేదాకా వెనక్కి తగ్గుదాం అని దండు మొత్తాన్ని ఆపుకునే తెలివి ఏఐకి లేదు. కొత్త వెర్షన్లలో గాయపడ్డవాళ్ళని వెనక్కి తీసుకోవడం కొంత నేర్పారు గానీ, దండు మాత్రం పగలైనా నడుస్తూనే వస్తుంది. రాత్రి నదిని అడ్డం పెట్టుకుని నిలబడు, ఒకటి రెండు గడులు పోయినా బాధపడకు. తెల్లవారాక మీద పడు.

దండు అంతా ఒక్కసారి రాదు. వేగంగా నడిచే తోడేలు రౌతులు ముందు, మిగతావాళ్ళు తర్వాత చేరతారు. కలిసి వద్దాం అని ఒకరి కోసం ఒకరు ఆగడం తక్కువ. మొదట వచ్చినవాళ్ళని వాళ్ళ వెనకవాళ్ళు చేరేలోపే ముగించాలి. ఆ రౌతుల్లో ఒకరిద్దరు నిన్ను చుట్టేసి వెనక ఊళ్ళు పట్టుకుంటారు. అది చూసి నువ్వు ముగ్గుర్ని వాళ్ళ వెంట పరిగెత్తిస్తున్నావు. ఒక్కడు చాలు, ఒక్కోసారి ఆ ఒక్కడూ అక్కర్లేదు. ఊరు పోతే కాస్త బంగారం పోతుంది, వరుస విరిగితే ఆట పోతుంది.

శత్రు నాయకుడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, లెవెల్ గెలిచేది అక్కడే. అతని దూకుడు అంకె వేరు, మామూలుగా మైనస్ 4. తన మీద పడే దెబ్బని అయిదు రెట్లు చేసి లెక్కేస్తాడన్నమాట. అందుకే ఎదురు కొట్టగల ఫైటర్‌ని ఎంత దగ్గర పెట్టినా ఒక్కోసారి కోట దిగడు. అతను వాడే ఆయుధానికి ఎదురు కొట్టలేని వాణ్ణి, లేదా ఒక్క దెబ్బతో పడిపోయేలా ఉన్నవాణ్ణి అందుబాటులో ఉంచితే దిగే అవకాశం చాలా ఎక్కువ. దిగినవాడు చేతిలో బంగారం ఉంటే వచ్చే టర్న్‌లో మళ్ళీ కీప్‌కి పోతాడు, కాబట్టి నీకు దొరికేది ఆ ఒక్క టర్న్. ముందే నలుగురైదుగుర్ని దగ్గర్లో సిద్ధంగా ఉంచుకుని అప్పుడే ఎర వెయ్యి. కొన్ని లెవెళ్ళలో నాయకుణ్ణి కదలకుండా రాసి ఉంచుతారు. రెండు మూడు టర్న్‌లు చూసి కదలకపోతే ఆ ఆశ వదిలేసి కోట మీదికే వెళ్ళు.

నీ నాయకుడూ వాళ్ళకి ఎరే. ఎటు నడవాలో తేల్చుకునేటప్పుడు ఏఐ ఒక ఊరికి 1 విలువ ఇస్తే నాయకుడికి 3 ఇస్తుంది. అతను నిలబడ్డ వైపుకే దండు మళ్ళుతుంది. దండుని ఒక పక్కకి లాగాలంటే ఇది బాగా పనికొస్తుంది, కానీ అతను పోతే ఆట పోయినట్టే, కాబట్టి ఎప్పుడూ రెండో వరుసలోనే ఉంచు.

సివిలైజేషన్ 6 అనే ఆట కూడా ఇలాగే ఆడొచ్చా అని అడిగావు. అక్కడ పరిస్థితి వేరు. కష్టం పెంచినకొద్దీ కంప్యూటర్‌కి తెలివి పెరగదు, సరుకు పెరుగుతుంది. అన్నిటికంటే కష్టమైన డీటీ స్థాయిలో అది మూడు సెట్లర్లతో (కొత్త నగరాలు కట్టేవాళ్ళతో) మొదలుపెడుతుంది, నీకు ఒక్కటే. ప్రతి పోరులో దానికి 4 పాయింట్ల బలం అదనం. దాన్ని మోసం అనను, స్థాయి ఎంచుకునేటప్పుడే ఇది ఒప్పందంలో భాగం. అక్కడ మొదటి వంద టర్న్‌లు బతికి బట్టకట్టడమే పని, ఆ తర్వాత దాని యుద్ధం చేసే తీరులోని లోపాలు నీకే కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఎరలతో గెలవడం అలవాటయ్యాక ఆన్‌లైన్‌లో మనుషులతో ఆడితే దెబ్బ తింటావు. మంచి ఆటగాడు నీ గాయపడ్డ ఫైటర్‌ని చూసి నీళ్ళలోకి దిగడు, చీకటి పడేదాకా అవతలే కూర్చుంటాడు. కాబట్టి వరుస కట్టడం, నేల చూసుకోవడం, పూట చూసుకోవడం, ఈ మూడూ బాగా నేర్చుకో. అవి ఎవరి మీదైనా పనిచేస్తాయి. ఎరలు ఏఐకి మాత్రమే.

ఇప్పుడు ఇలా చెయ్యి. టర్న్ ముగించే ముందు ప్రతిసారీ కంట్రోల్, వి కలిపి నొక్కు. శత్రువు ఏయే గడులకి చేరగలడో రంగుతో కనిపిస్తుంది. కంట్రోల్, బి నొక్కితే నీ వాళ్ళెవరూ అడ్డం లేకపోతే ఎంతదాకా రాగలడో చూపిస్తుంది. ఆ రెండూ చూసి, "నేనే ఏఐని అయితే ఇప్పుడు ఎవరిని కొడతాను?" అని అడుగు. జవాబు నీకు నచ్చిన చోట, నచ్చిన నేల మీద ఉంటేనే టర్న్ ముగించు. ఇంకొకటి, ఒక సాయంత్రం రెండు పక్షాలూ కంప్యూటరే ఆడేలా ఆట పెట్టి ఊరికే చూడు. ఎవరు ఎప్పుడు ముందుకి ఉరుకుతున్నారో, నాయకుడు ఎప్పుడు కోట దిగుతున్నాడో నోట్‌బుక్‌లో రాసుకో. గైడ్లు చదివినదానికంటే ఎక్కువ నేర్చుకుంటావు.

ఆదివారం ఆ నది లెవెల్ మళ్ళీ ఆడి, గెలిచినా ఓడినా రీప్లే ఫైల్ నాకు పంపు. మొదటి రాత్రి నీ వరుస ఎలా నిలబడిందో చూసి మళ్ళీ రాస్తాను. అన్నయ్యనీ వదిననీ అడిగానని చెప్పు.

మీ బాబాయి