తక్కువ పీట్ పొగ ఉన్న సింగిల్ మాల్టు విస్కీల (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసినవి) మధ్య తేడా తెలుస్తుందా? పీపీఎం అంకె చూసి ఎంచుకోవచ్చా?

తేడా తప్పకుండా తెలుస్తుంది. పీట్ అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న మట్టి; దాన్ని కాల్చిన పొగతో బార్లీని ఆరబెడతారు. అయితే పీపీఎం అంకె చూసి మాత్రం కొనకండి. అది పొగపట్టిన బార్లీలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లు ఫీనాళ్లు (పొగ వాసననిచ్చే పదార్థాలు) ఉన్నాయో చెప్పే లెక్క. పులియబెట్టి బట్టీ పట్టేసరికి అందులో చాలా భాగం పోతుంది కాబట్టి, సీసాలో ఎంత మిగిలిందో ఆ అంకె చెప్పదు. బోమోర్ విస్కీకి 25 పీపీఎం, ఆర్డ్‌బెగ్‌కు 55 అని అప్పజెప్పేవారు విజయవాడలో నాకు చాలామంది తెలుసు. కళ్లు మూసుకుని ఆ రెండింటినీ వేరుచేయగలవారు ఒకరిద్దరే.

గత డిసెంబరులో గుంటూరు బ్రాడీపేటలో, మా బావగారి మేడమీద, హైలాండ్ పార్క్ 12, అమృత్ ఫ్యూజన్, టాలిస్కర్ 10 (ఈ అంకెలు విస్కీ వయసు ఏళ్లలో) మూడు గ్లాసుల్లో పోసి, పేర్లు అడుగున అంటించి, వరుస మార్చి పెట్టాము. ముప్పై ఏళ్లకు పైగా పొగాకు పండించి, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని పొయ్యి ఎగదోసిన మా పెద్దనాన్నగారు మందు ముట్టరు. అయినా పొగ సంగతి ఆయనకు తెలిసినంతగా మాకెవరికీ తెలియదని బావగారు ఆయనను వాసన చూడమన్నారు. మొదటి గ్లాసు దగ్గరే ఆయన ఆగిపోయారు. "మన బ్యారన్‌లో పొగ గొట్టాల్లోంచి బయటికి పోతుందిరా, ఆకుకు వేడే గాని పొగ తగలదు. దీనికి తగిలింది" అన్నారు. పీట్ పొగ తడి మాల్టు (మొలకెత్తించిన బార్లీ) గింజల మధ్యగా పైకి లేస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఒకదానిలో తేనె పూసిన ఎండుగడ్డి కాలినట్లుందన్నారు. అది హైలాండ్ పార్క్. చెట్లు అంతగా పెరగని ఆర్క్‌నీ దీవుల్లో పీట్ ఎక్కువగా హెదర్ పొదలు కుళ్లి ఏర్పడినదే. సూర్యలంక ఒడ్డున పొయ్యి పెట్టినట్లుందన్నది స్కై దీవిలో, సముద్రపు పాయ అంచున తయారయ్యే టాలిస్కర్. ఫ్యూజన్‌లో మాత్రం ఆయనకు పొగే దొరకలేదు. అందులో పీట్ పట్టని మన దేశపు బార్లీయే ఎక్కువ, పీట్ పట్టిన స్కాట్లాండ్ బార్లీ తక్కువ. పైగా 50 శాతం ఆల్కహాల్. మంచినీళ్లు ఒక చెంచాడు కలిపి ఇస్తే, "ఇప్పుడు వచ్చింది, వెనకాల నుంచి" అన్నారు.

నన్ను బాధపెట్టేది మన అలవాట్లే. మిరపకాయ బజ్జీ తిన్న నాలుకకు ఇంత సున్నితమైన పొగ అరగంట వరకు అందదు. విజయవాడలో ఒక బార్‌లో, నేను అడగకుండానే గ్లాసు నిండా ఐసు వేసి, పైన సోడా పోసి తెచ్చారు. ఆ చలికి వాసన పూర్తిగా ముడుచుకుపోయింది. మే నెలలో ఇందుకు విరుద్ధంగా, గది వేడికి స్పిరిట్ ఘాటే ముందుగా ముక్కుకు ఎక్కుతుంది కనుక, ఏసీ గదిలో తప్ప పోలిక పెట్టుకోవద్దు.

మీరు హైలాండ్ పార్క్‌తో మొదలుపెట్టి, నీళ్లు కలిపిన ఫ్యూజన్ మీదుగా వెళ్లి, టాలిస్కర్‌ను చివరికి ఉంచుకోండి. మరునాడు ఉదయం గ్లాసులు కడగబోయే ముందు నేను ఒక్కొక్కటి వాసన చూశాను: రెండింటిలో తీపి మాత్రమే మిగిలింది, టాలిస్కర్ గ్లాసులో చల్లారిన బూడిద వాసన అలాగే ఉంది.