గోడకు నిమ్ము, కరెంటు యూనిట్‌కు 12 రూపాయలు: అద్దె ఆపేయొచ్చా?

ప్రశ్న: నలుగురం ఇంజినీరింగ్ ఫైనలియర్ అమ్మాయిలం. కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో అద్దెకుంటున్నాం. అద్దె 18,000, అడ్వాన్స్ 36,000. బాత్రూమ్ గోడలో పైపు కారి పడగ్గది అంతా నిమ్మెక్కింది. అల్మారాలో బట్టలకు బూజు పడుతోంది. గీజర్ పాడైంది. రెండు నెలలుగా చెబుతున్నా ఓనరు పట్టించుకోవడం లేదు. సబ్‌మీటరు ప్రకారం యూనిట్‌కు 12 రూపాయలు తీసుకుంటున్నారు. పోయిన నెల 310 యూనిట్లకు 3,720 కట్టాం. రెండు నెలలు అద్దె ఆపేసి అడ్వాన్స్‌లో సర్దుకోమంటే ఎలా ఉంటుంది మేడం?

జవాబు: అద్దె మాత్రం ఆపకండమ్మా. అద్దె ఆగిందంటే గోడ సంగతి వెనక్కి పోయి మీ బాకీ సంగతి ముందుకొస్తుంది. పరీక్షల ముందు ఖాళీ చేయమంటే మళ్లీ కొత్త ఇల్లు, కొత్త అడ్వాన్స్, టెన్షన్.

మీ డబ్బు ఎక్కువగా పోతున్నది కరెంటులో. తెలంగాణలో 2022లో సవరించిన టారిఫ్ చూడండి. నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, అక్కడి నుంచి 800 దాకా 9.50. ఆ పైన 10. పన్నెండు ఏ శ్లాబులోనూ లేదు. ఇంటి మొత్తం మీటరు 800 తిరిగిందనుకున్నా వాడకం చార్జీ 6,490, అంటే సగటున యూనిట్‌కు 8.11. ఆ లెక్కన మీ 310కి సుమారు 2,515. ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివాటిలో మీ వాటా నూటయాభై వేసుకున్నా నెలనెలా వెయ్యికి పైగా ఎక్కువ కడుతున్నారు. నలుగురు చదువుకునే పిల్లలకు అది చిన్న మొత్తం కాదు.

అందుకే మెయిన్ మీటరు బిల్లు చూపించమని మర్యాదగా అడగండి. అందులో మీ యూనిట్ల వంతు కడతామనండి. బోరు మోటారు కరెంటుకు వాటా అడిగితే ఇవ్వండి, అది న్యాయమే. కానీ ఎంతో విడిగా చెప్పమనండి. ఒకటో తారీకున సబ్‌మీటరు రీడింగ్ ఫొటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపండి.

ఇక రిపేర్లు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం పైపులు మార్చడం, గోడల పని ఓనరు బాధ్యత అంటుంది. ట్యాప్ వాషరు, గీజర్ రిపేరు అద్దెకున్నవాళ్లవి. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది గానీ, మాట్లాడుకోవడానికి మంచి కొలత. కాబట్టి గీజర్ మీరే చేయించేసుకోండి. అలా చేస్తే పైపు విషయంలో మీ మాటకు బలం వస్తుంది.

పైపుకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక సరైన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. ఒప్పందంలో వేరేలా రాసుకుని ఉంటే అదే చెల్లుతుంది, అందుకని ముందు మీ అగ్రిమెంటు తీసి ఆ పేరా చదవండి. తర్వాత గోడ ఫొటోలు, ప్లంబరు చెప్పిన అంచనా, పదిహేను రోజుల గడువు కలిపి రాతపూర్వకంగా పంపండి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇదంతా నోటిమాటతోనే నడిపి, చివరికి చూపించడానికి ఏమీ లేక అడ్వాన్స్ పోగొట్టుకుంటున్నారు. బాధగా ఉంటుంది.

గడువు దాటాక పని చేయిస్తే బిల్లు తీసుకోండి. ఆ ఖర్చు మాత్రమే తగ్గించి, మిగిలిన అద్దె అదే తారీకున యూపీఐలో పంపండి. ఎంత తగ్గించారో, ఎందుకో నోట్‌లో రాయండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ లెక్కలో ఈ కాగితాలే మీకు అక్కరకొస్తాయి.